గీజర్‌లో గార

శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్‌లో చలి మొదలైందంటే గీజర్ మెకానిక్‌లకు ఊపిరి సలపదు. నీళ్లు వేడెక్కడం లేదని ఒకరు, లోపల టపటపమని చప్పుడొస్తోందని ఇంకొకరు, స్విచ్ వేయగానే కరెంటు ట్రిప్ అవుతోందని మరొకరు. విప్పి చూస్తే చాలా ఇళ్లలో కనిపించేది ఒకటే, నీళ్లు కాచే కడ్డీని, అంటే ఎలిమెంట్‌ను కప్పేసిన తెల్లటి గార.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లే బోరులోంచి పైకొస్తాయి, కాల్షియం, మెగ్నీషియం వెంటేసుకుని మరీ. తాగే నీటి కాఠిన్యం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియంల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. కృష్ణా నీళ్లొచ్చినా గోదావరి నీళ్లొచ్చినా మనం మంజీరా అనే పిలుచుకునే నల్లా నీళ్లతో ఇంత బాధ లేదు. కానీ అపార్ట్‌మెంట్లలో అవి, బోరువి, ట్యాంకరువి అన్నీ ఒకే సంపులో పడతాయి. గీజర్‌లోకి ఏవి పోతున్నాయో వాచ్‌మన్‌కే తెలియాలి.

పంచదార లాంటివి వేడి నీళ్లలో ఇంకా బాగా కరుగుతాయి. ఈ సున్నం సంగతి మాత్రం తిరకాసు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బనేట్‌గా, అంటే సున్నపురాయిగా మారి ఎలిమెంట్‌కు అంటుకుంటుంది. వేడి ఎంత ఎక్కువైతే గార అంత తొందరగా పడుతుంది. మనమేమో థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పేసి, కాగిన నీళ్లలో బకెట్ నిండా చన్నీళ్లు కలుపుకుంటాం! 50, 55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే స్నానానికి లోటుండదు, గారా తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది.

పట్టిన గారను వదిలించడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. ముందు గీజర్‌కు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించాలి, లోపలి నీళ్లు చల్లారాక ఖాళీ చేయాలి. ఎలిమెంట్ తీయడం అలవాటు లేనివాళ్లు మెకానిక్‌ను పిలవండి, కానీ పక్కనే నిలబడండి. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, వైర్లు బిగించే చోటు తడవకుండా, కడ్డీ భాగం మాత్రం ముంచాలి. సన్నగా బుసబుసమని నురగ వస్తుంది, కోడిగుడ్డు పెంకుల్లాంటి పలుకులు ఊడి అడుగున పడతాయి. నురగ ఆగినా గార మిగిలి ఉంటే, ఆ నీళ్లు పారబోసి కొత్తగా కలపండి.

కొందరు మెకానిక్‌లు పని తొందరగా అవుతుందని బాత్రూం యాసిడ్ పోస్తారు, స్క్రూడ్రైవర్‌తో గీకుతారు. రెండూ వద్దనండి. యాసిడ్ ట్యాంకు లోపలి పూతను తినేస్తుంది. గీకుడికి కడ్డీ పైతొడుగు చీలితే లోపలికి నీళ్లు దిగి షాక్ కొట్టే ప్రమాదం. ఎలాగూ విప్పారు కాబట్టి మెగ్నీషియం యానోడ్ కడ్డీ ఎంత మిగిలిందో చూపించమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా అది తాను అరిగిపోతుంటుంది. సన్నటి తీగలా అయిపోతే మార్చాల్సిందే. బిగించాక వేడినీళ్ల కుళాయిలోంచి ధారగా నీళ్లొచ్చే వరకు స్విచ్ వేయకండి. ఖాళీ ట్యాంకులో కొత్త ఎలిమెంట్ అయినా క్షణాల్లో మాడిపోతుంది.

పైపుకు తగిలిస్తే గార పట్టదంటూ అయస్కాంతాలు అమ్ముతుంటారు. నేనైతే వాటికి పైసా పెట్టను. డబ్బు పెట్టే ఓపికుంటే నీళ్లలోంచి కాల్షియం, మెగ్నీషియంలను తీసేసే, ఉప్పుతో శుభ్రమయ్యే రెజిన్ సాఫ్ట్‌నర్ పెట్టించుకోండి, అది నిజంగా పనిచేస్తుంది.

మరొక్క మాట. గీజర్ అడుగున ఉండే సేఫ్టీ వాల్వ్‌లోంచి నీళ్లు కాగేటప్పుడు నాలుగు చుక్కలు కారడం మామూలే. విసుగొచ్చి దానికి బిరడా బిగించేవాళ్లున్నారు. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి అదే. ఆ వాల్వ్‌కూ గార పట్టి బిగుసుకుపోతుంది కనుక, ఎలిమెంట్ శుభ్రం చేయించే రోజే దాన్నీ ఒకసారి తెరిచి చూపించమనండి. నమస్కారం.