బాతు బొమ్మల వెనక మనిషి: కార్ల్ బార్క్స్

[తెరపై: పాత డొనాల్డ్ డక్ కామిక్ పేజీ]

ఈ కథ రాసింది, బొమ్మలు గీసింది ఒక్కరే. కానీ పేజీ అంతా వెతికినా ఆయన పేరు దొరకదు. కనిపించేది వాల్ట్ డిస్నీ పేరు ఒక్కటే. ఇరవై ఏళ్లకు పైగా ఇదే తంతు. ఆయన చేతి మీదుగా అయిదు వందలకు పైగా కథలు వచ్చాయి.

ఆయనే కార్ల్ బార్క్స్. 1901లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో, మెరిల్ అనే ఊరి దగ్గర పుట్టారు. వినికిడి అంతంతమాత్రం, చదువు మధ్యలోనే ఆగిపోయింది. పొలం పనులు, రైల్వే వర్క్‌షాపు, ఒక హాస్య పత్రికకు కార్టూన్లు... ఇలా ముప్పై దాటేదాకా కుదురు లేదు. 1935లో వారానికి 20 డాలర్ల జీతం మీద డిస్నీ స్టూడియోలో చేరారు.

[తెరపై: తలకిందులుగా కుర్చీలో ఇరుక్కున్న డొనాల్డ్]

అక్కడ ఆయన దశ తిప్పింది ఒక క్షవరం కుర్చీ! దానంతటదే క్షవరం చేసే మర కుర్చీలో డిస్నీ వారి బాతు డొనాల్డ్ తలకిందులుగా ఇరుక్కుంటాడు. కుర్చీ తల అనుకుని తోక ఈకలు కత్తిరిస్తుంది, బూటు అనుకుని మొహానికి పాలిష్ పెడుతుంది. 1937 నాటి కార్టూన్‌లో ఈ ఘట్టం ఆయన ఊహే. దాంతో బొమ్మల విభాగం నుంచి కథల విభాగానికి మారారు.

1942లో స్టూడియో వదిలేసి కోళ్లు పెంచుకుందామని బయల్దేరారు. అంతలోనే ఒక ప్రచురణ సంస్థ డొనాల్డ్ కామిక్ గీయమని కథ పంపింది. ఆయన గీయడంతో ఆగలేదు, కథనూ సరిచేశారు. ఆ తర్వాత రాసే పని కూడా ఆయనకే వచ్చింది.

సినిమాల్లో డొనాల్డ్‌కి కోపం తప్ప ఇంకేమీ ఉండేది కాదు, మాట అర్థమయ్యేది కాదు. బార్క్స్ చేతిలో వాడు సంసారి అయ్యాడు. నిలవని ఉద్యోగం, తనకన్నా తెలివైన ముగ్గురు మేనల్లుళ్లు, డక్‌బర్గ్ అనే ఊరు. 1947లో పిసినారి మామయ్య స్క్రూజ్ వచ్చాడు. అతని డబ్బు గాదె మూడు ఘనపు ఎకరాలట! ఎకరాన్ని ఘనంలో కొలవడం ఎలాగని లెక్కల మాస్టారు నిలదీస్తే జవాబు లేదు. హాస్యం అంతా అక్కడే ఉంది.

[తెరపై: చతురస్రపు గుడ్లు]

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1949 నాటి కథ. చతురస్రపు గుడ్ల జాడ వెతుక్కుంటూ డొనాల్డ్ ఆండీస్ పర్వతాలకు వెళ్తాడు. పొగమంచులో దాగిన లోయలో మనుషులు అచ్చం అమెరికా దక్షిణాది యాసలో మాట్లాడతారు! కారణం, ఎప్పుడో అమెరికాలోని బర్మింగ్‌హామ్ నుంచి దారి తప్పి వచ్చిన ప్రొఫెసర్ వాళ్లకు ఇంగ్లీషు నేర్పిపోవడం. మరి బార్క్స్ ఆండీస్ చూశారా? లేదు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఫొటోలు ముందేసుకుని దేశదేశాలు గీశారు.

పేరు తెలియకపోయినా పాఠకులు ఆ గీత పోల్చుకునేవారు. ఆయనకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘మంచి బాతుల చిత్రకారుడు’. 1960లో గానీ అభిమానుల ఉత్తరం ఆయనదాకా చేరలేదు. 1966లో రిటైరయ్యారు. పేజీకి ఇంత అని ఇచ్చిన డబ్బు తప్ప, అమ్మకాల్లో వాటా లేదు. ఆయన కథలు వచ్చిన కామిక్ పత్రికల్లో ఒకటి 1950లలో నెలకు ముప్పై లక్షల ప్రతులు దాటిందంటే, ఈ బేరంలో స్క్రూజ్ ఎవరో చెప్పనక్కర్లేదు.

1971లో డిస్నీ అనుమతితో బాతులనే తైలవర్ణాల్లో వేయడం మొదలుపెట్టారు. రాబడి అప్పుడు కనిపించింది. 1994లో, 93 ఏళ్ల వయసులో, యూరప్ పర్యటనకు వెళ్లారు. 2000 ఆగస్టులో, నూరేళ్లు నిండడానికి ఏడు నెలల ముందు కన్నుమూశారు.

టీవీలో ‘డక్‌టేల్స్’ కార్టూన్ సీరియల్ చూస్తూ పెరిగినవాళ్లకు ఈ గాదె, ఈ మామయ్య కొత్త కాదు. ఆ సీరియల్‌కు ముడిసరుకు అందించినవాటిలో బార్క్స్ కథలూ ఉన్నాయి. కామిక్స్ చదవాలనుకుంటే మాత్రం చతురస్రపు గుడ్లతో మొదలుపెట్టండి.