డ్రీమ్ వారియర్స్ రివ్యూ: నిద్రపోతే చంపేసేవాడి మీద పిల్లల యుద్ధం

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? హారర్ సినిమాకి పార్ట్ త్రీ అనగానే మనకో అనుమానం వస్తుంది, డబ్బుల కోసం సాగదీశారేమో అని. ఈ రోజు సినిమాకి ఆ అనుమానం అక్కర్లేదు. 1987లో వచ్చిన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ 3: డ్రీమ్ వారియర్స్’. క్లైమాక్స్ చెప్పను, ధైర్యంగా వినండి.

ఫ్రెడ్డీ క్రూగర్ బతికున్నప్పుడు చిన్నపిల్లల్ని చంపినవాడు. చట్టం వదిలేస్తే, తల్లిదండ్రులే కలిసి వాణ్ణి తగలబెట్టేశారు. ఇప్పుడు వాళ్ళ పిల్లల కలల్లోకి వస్తున్నాడు. కలలో పొడిస్తే ఇక్కడ ప్రాణం పోతుంది. మామూలు స్లాషర్‌లో, అంటే హంతకుడు ఒక్కొక్కరినీ వెంటాడి చంపే హారర్ సినిమాలో అయితే, పరిగెత్తొచ్చు, తలుపేసుకోవచ్చు. నిద్రని ఎన్ని రాత్రులు ఆపుతామండీ?

మొదటి సీన్‌లోనే ఆ కష్టం కనిపిస్తుంది. క్రిస్టెన్ అనే అమ్మాయి అర్ధరాత్రి ఒక్కతే కూర్చుని బొమ్మ ఇల్లు కడుతూ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీ పొడి స్పూన్‌తో నోట్లో వేసుకుని, పైన కూల్‌డ్రింక్ తాగేస్తుంది. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన తల్లి మాత్రం కూతురు ఎందుకు మేలుకుందో పట్టించుకోదు, పడుకోమంటుంది. క్రిస్టెన్‌గా చేసింది ప్యాట్రీషియా ఆర్కెట్, ఆమెకిదే మొదటి సినిమా. తర్వాత ‘బాయ్‌హుడ్’కి ఆస్కార్ తీసుకుంది. ఆ కళ్ళలో అలసట చూడండి, ఎక్కడా నటిస్తున్నట్టు ఉండదు.

ఆ రాత్రి కలలో ఫ్రెడ్డీ చేసిన గాయాన్ని పెద్దవాళ్ళు ఆత్మహత్యాయత్నం అనుకుని క్రిస్టెన్‌ని మానసిక ఆసుపత్రిలో చేరుస్తారు. అక్కడ అలాంటి పిల్లలే ఇంకొందరు. అందరి కలల్లోనూ వాడే. డాక్టర్లు నమ్మరు. గొడవ చేస్తే నిద్ర ఇంజెక్షన్! చంపేది నిద్రే, ఇచ్చే మందూ నిద్రే. నన్ను ఫ్రెడ్డీ కత్తుల కంటే ఎక్కువ భయపెట్టింది ఇదే. మన సిటీలో ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే “ఎర్రగడ్డకి తీసుకుపోవాలిరా” అని నవ్వేస్తాం కదా. ఈ సినిమా చూశాక ఆ మాట నా నోటికి రావట్లేదు. ఒక పిల్లాడు భయమేస్తోందని చెప్తుంటే ముందు కూర్చుని వినాలి కదండీ.

ఫిలిప్ సీన్ గురించి చెప్పాలి. ఆ అబ్బాయి కీలుబొమ్మలు చేస్తుంటాడు. గోడకి వేలాడుతున్న ఒక బొమ్మ మొహం మెల్లగా ఫ్రెడ్డీ మొహంలా మారుతుంది. తర్వాత ఆ అబ్బాయి చేతుల్లోంచి, కాళ్ళలోంచి నరాలు బయటికి లాగి, వాటినే తాళ్ళుగా పట్టుకుని నడిపిస్తాడు. ఇదంతా కంప్యూటర్ గ్రాఫిక్స్ కాదు, మేకప్పూ చేతిపనీ. అందుకే ఆ నొప్పి మనకి తగులుతుంది. బయట ఉన్నవాళ్ళకి మాత్రం నిద్రలో నడిచాడు, అంతే.

మొదటి భాగంలో ఫ్రెడ్డీని ఎదిరించిన నాన్సీ ఈ ఆసుపత్రికే వస్తుంది. హెదర్ లాంగెన్‌క్యాంపే మళ్ళీ చేసింది. పిల్లల్ని నమ్మే మొదటి పెద్ద మనిషి తనే. క్రిస్టెన్‌కి వేరేవాళ్ళని తన కలలోకి లాక్కునే శక్తి ఉంది కాబట్టి, ఇన్నాళ్ళూ ఒక్కొక్కరుగా చచ్చిపోతున్నవాళ్ళు కలిసి దిగుతారు. వీల్‌చైర్‌లో ఉండే విల్ కలలో లేచి నిలబడి మంత్రగాడవుతాడు. ‘మసూద’లో తల్లి నీలం కూతురి కోసం నిలబడితే మనకెంత ధైర్యం వచ్చిందో, ఇక్కడా అంతే. స్లాషర్‌లో చచ్చేవాళ్ళ పేర్లు మనకి గుర్తుండవు. ఇందులో విల్, టారిన్, కిన్‌కెయిడ్, జోయీ, అందరూ గుర్తుంటారు. నా దృష్టిలో ఈ సీక్వెల్ గొప్పతనం అదే.

కథ పుట్టించిన వెస్ క్రేవెన్ రెండో భాగానికి పనిచేయలేదు, దీనికి రచయితల్లో ఒకరిగా తిరిగొచ్చారు. ఆ తేడా తెలుస్తుంది. ఇంకో రచయిత ఫ్రాంక్ డారబాంట్, అవును, ‘షాషాంక్ రిడెంప్షన్’ డైరెక్టరే. దర్శకుడు చక్ రస్సెల్‌కిది తొలి సినిమా.

లోపాలున్నాయి. డాక్టర్ నీల్, క్రైస్తవ సన్యాసిని ఉన్న ట్రాక్ నెమ్మది. అస్థిపంజరం ఫైట్ ఇప్పుడు పాతగా అనిపిస్తుంది. టీవీ సీన్‌లో ఫ్రెడ్డీగా చేసిన రాబర్ట్ ఇంగ్లండ్ డైలాగ్‌కి థియేటర్‌లో విజిల్స్ పడేవే, ఒప్పుకుంటాను. కానీ ఫ్రెడ్డీ జోకులు బాగా పెరిగింది ఇక్కడే, తర్వాతి భాగాల్లో అవే భయాన్ని తినేశాయి.

ఇది పెద్దలకి మాత్రమే. రక్తం ఉంది, ఆత్మహత్య ప్రస్తావన ఉంది. అలాంటి ఆలోచనలతో నలుగుతున్నవాళ్ళు ఇప్పుడు ఈ సినిమా పక్కన పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, ఫోన్ చేయండి. మిగతావాళ్ళు 1984 నాటి మొదటి భాగం చూసి నేరుగా దీనికి వచ్చేయండి. రెండోది చూడకపోయినా కథ అర్థమవుతుంది. నా రేటింగ్ ఐదుకి నాలుగు.