సైకిల్ వల్ల ఎందరు బడికి వచ్చారు?

అందరికీ నమస్కారం.

బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని రెండు వేల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత హైస్కూళ్లలో అమ్మాయిల సంఖ్య పెరిగింది. అయితే అదే కాలంలో అక్కడ రోడ్లు పడ్డాయి, శాంతిభద్రతలు మెరుగయ్యాయి. సైకిల్ ఇవ్వకపోయినా కొంతమంది వచ్చేవాళ్లే. ఆ కొంతమంది ఎంతో తేల్చకుండా పథకం ఫలించిందని చెప్పడం తొందరపాటు.

లాటరీ తీసి కొందరికే ఇస్తే పోల్చడం తేలిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల బోనస్ మీద ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసింది అదే. బిహార్‌లో పథకం రాష్ట్రమంతటా ఒకేసారి వచ్చేసింది. ఇలాంటి చోటే క్వాసీ ఎక్స్‌పెరిమెంటల్ పద్ధతులు కావాలి, అంటే లాటరీ లేకుండానే పోల్చదగిన గుంపులను వెతికి లెక్కవేసే పద్ధతులు.

బిహార్ పథకం మీద మురళీధరన్, మరో ఆర్థికవేత్త నిశిత్ ప్రకాశ్ ఏం చేశారో చూడండి. పథకం అందే వయసున్న 14, 15 ఏళ్ల అమ్మాయిలను, అది రాకముందే ఆ వయసు దాటిపోయిన 16, 17 ఏళ్లవాళ్లతో పోల్చారు. రోడ్ల వల్ల, ఇతర మార్పుల వల్ల వచ్చిన పెరుగుదల అబ్బాయిల్లోనూ కనిపించాలి, వాళ్లకు అప్పట్లో ఈ డబ్బు లేదు కాబట్టి దాన్ని తీసేశారు. అమ్మాయిలు ఎలాగూ ముందుకొస్తున్న కాలం కదా, అందుకని 2000 దాకా బిహార్‌లోనే ఉన్న జార్ఖండ్‌లో ఇదే లెక్క వేసి, అదీ తీసేశారు. మిగిలింది సైకిల్ వాటా: అమ్మాయిల చేరికలో 32 శాతం పెరుగుదల. అబ్బాయిలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గింది.

ఈ లెక్కంతా ఒక నమ్మకం మీద నిలబడింది. పథకం లేకుంటే బిహార్, జార్ఖండ్‌లలో ఆ అంతరం ఒకేలా మారేదని. దాన్ని ఎవరూ కళ్లతో చూడలేరు. అందుకే నాకు ఆ శాతాల కన్నా వాళ్లు చేసిన తర్వాతి పరీక్ష బలమైనదనిపిస్తుంది. కారణం నిజంగా సైకిలే అయితే, బడి పక్కనే ఉన్న ఊళ్లో పెద్దగా తేడా రాకూడదు, దూరపు ఊళ్లో రావాలి. సరిగ్గా అలాగే జరిగింది. పెరుగుదల దాదాపు అంతా హైస్కూలు 3 కిలోమీటర్లకు పైగా ఉన్న ఊళ్లలోనే కనిపించింది. రోడ్లో, ఇంకేదో కారణమైతే ఈ ఆకారం రావడం కష్టం.

పదో తరగతి పరీక్ష రాసిన అమ్మాయిలు 18 శాతం, పాసైనవాళ్లు 12 శాతం పెరిగారు. అధికారులను నేను అడిగేది ఒక్కటే: కొత్త పథకం ప్రకటించే ముందే ఊరివారీ లెక్కలు తీసి పెట్టండి, వాటిని అందరికీ అందుబాటులో ఉంచండి.