‘ఇతరులు’ అని రాసిన ఆ చివరి లైను

(కోత పండుగ ఆరాధనలో స్త్రీల మైత్రి తరఫున చేసిన ప్రసంగ పాఠం)

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు వందనాలు. పేరుపేరునా చెప్పడం మన అలవాటు. ఈ రోజు నేను మాట్లాడబోయేది పేర్ల సంగతే కాబట్టి ఎవరి పేరూ చెప్పడం లేదు. ఏమీ అనుకోవద్దు.

నాకిచ్చిన అంశం ‘పరలోకమందు ధనము కూర్చుకొనుడి’. మత్తయి 6వ అధ్యాయం. చిమ్మెట, తుప్పు, కన్నం వేసే దొంగలు, అన్నీ మీకు కంఠతా వచ్చు. మీలో సగం మందికి సండే స్కూల్లో ఆ వాక్యం నేనే నేర్పాను. అందుకని వివరణ జోలికి పోను. ఒక ముంత గురించి చెబుతాను.

మా అమ్మ పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకుని రాళ్ళు ఏరేది. కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, ఆ ముంతలో వేసేది. పూటపూటా అంతే. ఆదివారం దాన్ని కొంగు చాటున పెట్టుకుని గుడికి తెచ్చేది. పీఠం ముందు పెద్ద గంప ఉండేది. సన్నవి, దొడ్డువి, నూకలు, అందరివీ అందులోనే. ఒక్కసారి పోశాక ఏ గింజ ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ గుప్పెడు బియ్యం కానుక మన దోర్నకల్ ప్రాంతంలో ఎలా పాదుకుందో పిల్లలకు తెలియాలి. అజరయ్య గారు తమిళనాడు నుంచి 1909లో దోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి పరంపరలోని సంఘంలో, ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన చేతుల మీదుగా సంఘంలో చేరినవాళ్ళు ఎక్కువగా మాల, మాదిగ కూలీలు. కూలి గింజల్లోనే వచ్చేది. రొక్కం చూసేవాళ్ళే తక్కువ. పాపం, వీళ్ళేం ఇవ్వగలరు అని ఆయన జాలిపడి వదిలెయ్యలేదు. ఇవ్వడమనే గౌరవం బీదవాడికీ ఉందన్నారు. డబ్బు లేని ఇంట్లో కూడా పొయ్యి వెలుగుతుంది కదా! అందుకే కానుక పొయ్యి దగ్గరికే వచ్చింది, ఆడవాళ్ళ చేతిలోకి వచ్చింది. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథడ్రల్ చూడ్డానికి జనం వస్తారు, దేవాలయంలాంటి స్తంభాలు, మసీదులాంటి గుమ్మటాలు చూసి ఫొటోలు తీసుకుంటారు. నేను వెళ్ళినప్పుడల్లా నాకు ఆ గంపే గుర్తొస్తుంది.

ముంత దగ్గరికి వస్తాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఊళ్ళోకి ఐస్‌బండి వచ్చింది. గింజలిచ్చినా ఐస్ ఇచ్చేవాడు. అమ్మ చూడకుండా ముంతలోంచి రెండు గుప్పిళ్ళు తీసి లంగాలో మూటగట్టుకుని పరిగెత్తాను. సాయంత్రం అమ్మ మూకుడు తీసి చూసింది. నావైపు చూసింది. ఏమీ అనలేదు. తర్వాత రెండు రోజులు ముంతలో గుప్పెడుకు బదులు రెండు గుప్పిళ్ళు వేసింది. మా ముగ్గురు పిల్లల కంచాల్లో మాత్రం అన్నం తగ్గలేదు. తగ్గింది ఎవరి కంచంలోనో నాకు పెళ్ళయి, నేను వండి వడ్డించడం మొదలుపెట్టాక గాని తట్టలేదు.

పోయినేడు ఇదే పండుగ. మైకులో కానుకల లిస్టు చదివారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఫలానావారు యాభై వేలు, చప్పట్లు. ఫలానావారు ఇరవై అయిదు వేలు, చప్పట్లు. చివరి లైను ‘ఇతరులు’, దాని ఎదురుగా ఒక మొత్తం. అయిపోయింది. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మిరప కోతలకు వెళ్ళిన కూలిలోంచి వంద రూపాయలు కవర్లో పెట్టింది. కవరు మీద ఆమె పేరు నేనే రాశాను. అందరూ లేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, “టీచరమ్మా, నా కవరు ఎక్కడన్నా పడిపోయిందేమో చూస్తవా?” అంది.

నేనేం చెప్పాలి?

ప్రభువు కానుక పెట్టె ఎదుట కూర్చుని చూశాడని మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఉంది. ధనవంతులు విస్తారంగా వేస్తుంటే ఆయన ఎవరినీ పిలవలేదు. బీద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు శిష్యులను దగ్గరికి పిలిచి చూపించాడు. అందరికంటే ఎక్కువ వేసింది ఈమే అన్నాడు. పెద్దలారా, ఆ విధవరాలు మన గుడికి వస్తే మన కాగితంలో ఎక్కడ ఉండేది? ‘ఇతరులు’లో ఉండేది. దేవుడు ముందుగా చదివే పేరును మనం అసలు చదవలేదు.

సాక్ష్యాలు కూడా అలాగే అయిపోయాయి. వీసా వచ్చింది, ప్లాటు కొన్నాం, కారు కొన్నాం, దేవునికి స్తోత్రం. స్తోత్రమే, నేను కాదనను. కానీ మూడుసార్లు పరీక్ష రాసినా కొడుక్కి ఉద్యోగం రాని తల్లి ఆ మాటలు వింటూ వెనక బెంచీలో కూర్చుంటుంది. నా మీద దేవుడికి కోపమేమో అని టెన్షన్ పడుతుంది. అలాంటి ఒక తల్లి గుడికి రావడమే మానేసింది. ఆమె ఇంటికి వెళ్ళి వచ్చాకే ఈ ప్రసంగం రాసుకున్నాను. అప్పు కట్టలేక నలుగుతూ కూడా అబద్ధం ఆడనివాడు, మంచాన పడ్డ అత్తకు ఆరేళ్ళుగా విసుక్కోకుండా అన్నం తినిపిస్తున్న కోడలు, వాళ్ళు సాక్ష్యం చెప్పడానికి లేస్తే మనం వింటామా? వాళ్ళ దగ్గర ఉన్నది ఆస్తి కాదా?

డబ్బు పాపమని నేను చెప్పడం లేదు. నాకు పెన్షన్ వస్తుంది, దాంతోనే బతుకుతున్నాను. మన తాతలు సెంటు భూమి లేక పడ్డ కష్టం నాకు తెలుసు. పిల్లలు చదువుకోవాలి, ఇల్లు కట్టుకోవాలి. పేదవాడి దగ్గరికి వెళ్ళి పేదరికమే గొప్పదని బోధించే నోరు నాకు లేదు. గుడి లోపల మాత్రం మనిషిని రూపాయితో కొలవొద్దని అడుగుతున్నాను. ఉంగరాలు పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు ఇవ్వడం తప్పని యాకోబు పత్రికలో ఉంది. ముందు వరసలో వేసిన ఆ మెత్తటి కుర్చీలు చూడండి. ఎవరి కోసం వేశాం?

కోశాధికారి గారూ, ఈ ఏడాది లిస్టు మీ జేబులో ఉందని తెలుసు. లెక్క రాయండి, రసీదులివ్వండి, ఆడిట్ చేయించండి. మైకులో మాత్రం చదవకండి. చేతులు జోడించి అడుగుతున్నాను. కవరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, పది రూపాయలిచ్చిన వాళ్ళకు కూడా, ముట్టిందని మీరే వెళ్ళి చెప్పండి. ఆ పెద్దావిడతో మొదలుపెట్టండి, కిటికీ పక్కనే కూర్చుంది.

వెనక బల్ల మీద ఇరవై ముంతలు పెట్టాను. నిన్న కుమ్మరి ఇంటికి వెళ్ళి తెచ్చాను, ఇంకా మట్టి వాసన వస్తున్నాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. వచ్చే ఆదివారం పీఠం ముందు గంప ఉంటుంది.