తొమ్మిది నొక్కితే ఎవరు పలుకుతారు?

(మన సొసైటీ ఆఫీసులో కొత్త టెలిఫోన్ల ప్రారంభం రోజున చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ వరసగా చదవమని సెక్రటరీ గారు నా చేతికో కాగితం ఇచ్చారు. పద్నాలుగు పేర్లున్నాయి. నాకిచ్చిందేమో ఐదు నిమిషాలు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం పెట్టేస్తున్నానండి, ఎవరూ మరోలా అనుకోకండి.

ముందు వరసలో ఉన్న పిల్లలకి నేనెవరో తెలియదు. వెనక తువ్వాళ్ళు భుజాన వేసుకుని కూర్చున్నవాళ్ళకి నా గొంతు తెలుసు, మొహం తెలియదు. 1979లో ఈ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను, 2014లో రిటైరయ్యాను. ముప్పై అయిదేళ్ళు ఒకటే కుర్చీ. మధ్యలో రెండుసార్లు కుర్చీకి నవారు మార్చారు, నన్ను మార్చలేదు. నా పేరు గుర్తులేనివాళ్ళు "తొమ్మిదో నంబరమ్మ" అనేవారు. ఆ పేరెందుకు వచ్చిందో తర్వాత చెబుతాను.

నేను చేరినప్పుడు ఇక్కడున్నది కార్డు బోర్డు, అంటే ప్లగ్గు తీగలు చేత్తో గుచ్చి ఫోన్లు కలిపే బల్ల. రెండు బయటి లైన్లు, పద్దెనిమిది లోపలి ఫోన్లు. ఎవరైనా రిసీవర్ ఎత్తితే బోర్డు మీద చిన్న మూత టక్కున పడేది. ఆ రంధ్రంలో ప్లగ్గు గుచ్చి "చెప్పండి" అనాలి. ఎవరు కావాలో విని, జంటలోని రెండో ప్లగ్గు అక్కడ గుచ్చాలి. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు రేటు కోసం మద్రాసుకో బొంబాయికో ట్రంకాల్, అంటే ఎక్స్ఛేంజి వాళ్ళు కలిపేదాకా కాచుకోవలసిన దూరపు కాల్, బుక్ చేయమని మన ఆఫీసుకొచ్చి కూర్చునేవారు. ఆర్డినరీ అయితే భోజనం చేసి రావచ్చు. అర్జెంటు అయితే రెట్టింపు. లైట్నింగ్ కాల్ అయితే ఎనిమిది రెట్లు. లైట్నింగ్ చెయ్యమన్నారంటే ఆ రోజు కొబ్బరి ధర మీద ఎవరికో కొంప మునుగుతోందని నాకు ముందే తెలిసిపోయేది. తెలిసినా చెప్పకూడదు. ఆ ఉద్యోగంలో సగం పని వినడం, సగం పని విననట్టు ఉండటం.

ఆపరేటర్లంటే పడనివాళ్ళు కూడా ఉండేవారండి. అమెరికాలో స్ట్రోజర్ అని ఒకాయన, శవాల అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు. ఊళ్ళో ఇంకో అంత్యక్రియల వ్యాపారి భార్య ఎక్స్ఛేంజిలో ఆపరేటరట. ఈయనకి వచ్చే బేరాలన్నీ ఆవిడ మొగుడికే కలిపేస్తోందని ఈయన అనుమానం. ఆ కోపంతో అసలు ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజి కనిపెట్టి, 1891లో పేటెంటు పుచ్చుకున్నాడు. అనుమానం నిజమో కాదో గానీ యంత్రం మాత్రం నిజం, ప్రపంచమంతా దశాబ్దాల పాటు నడిచింది. ఇవాళ మీరు రిబ్బన్ కత్తిరించబోయే పెట్టెకి కూడా ముత్తాత అదే. మా కులవృత్తి మీద పగతో పుట్టిన యంత్రాన్ని ప్రారంభించడానికి మళ్ళీ నన్నే పిలిచారు. నవ్వండి, పర్లేదు.

1990లో కార్డు బోర్డు తీసేసి ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టారు. ఈపీఏబీఎక్స్. లోపల ఒకళ్ళకొకళ్ళు నేరుగా నంబరు తిప్పుకోవచ్చు. బయటికి కావాలంటే సున్నా, ఆపరేటర్ కావాలంటే తొమ్మిది. అలా నేను తొమ్మిదో నంబరమ్మనయ్యాను.

ఆ పెట్టెలో ఒక మంచి గుణం ఉంది, దాని గురించి చెప్పడానికే వచ్చాను. ఐదు నిమిషాలు అయిపోతే సెక్రటరీ గారు గంట కొట్టండి, నేను విననట్టు ఉంటాను.

పాత రోజుల్లో ఫోనుకి ఇంటి కరెంటుతో పనిలేదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీల గది ఉండేది. అక్కణ్ణించి 48 వోల్టులు ఆ రెండు రాగి తీగల మీదే మీ ఇంటిదాకా వచ్చేవి. ఊరంతా చీకటైనా ఫోను పలికేది అందుకే. మన ఈపీఏబీఎక్స్‌కి మాత్రం కరెంటు కావాలి. పోతే బ్యాటరీ. బ్యాటరీ కూడా అయిపోతే? అప్పుడు లోపల చిన్న రిలే, అంటే కరెంటు ఉన్నంతసేపే పట్టుకుని ఉండే మీట, పట్టు వదిలేసేది. వదలగానే రెండు బయటి లైన్లూ పెట్టెతో సంబంధం లేకుండా సూటిగా రెండు ఫోన్లకి కలిసిపోయేవి. పెట్టె చచ్చిపోతూ కూడా దారి వదిలి చచ్చేదన్నమాట.

ఆ రెండు ఫోన్లు ఏవి? ఒకటి నా టేబుల్ మీదిది. రెండోది గోడౌన్ పక్కన వాచ్‌మన్ గదిలోది. ఎందుకక్కడ? బిగించడానికొచ్చిన కుర్రాడికి ఆ జత తీగ చేతికి అందింది కాబట్టి. రెండోది కూడా ఈ బిల్డింగులోకి తెమ్మని నేను కాగితం పెట్టాను. మహా అయితే నలభై మీటర్ల తీగ. కాగితం మీద "చూద్దాం" అని రాసి వెనక్కి పంపారు. ఆ "చూద్దాం" అన్న మాటని ఆరేళ్ళు చూశాను.

1996 నవంబర్ 6, బుధవారం.

ఇక్కడ నలభై దాటినవాళ్ళకి నేనేమీ చెప్పక్కర్లేదు. పిల్లలకి చెబుతాను. పెద్ద తుఫాను వచ్చిన రోజది. దీపావళి వారం. పొద్దున్న మామూలు ముసురే అనుకున్నాం. చీకటి పడక ముందే కరెంటు పోయింది. ఇంటికి వెళ్దామని గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాను, గొడుగు నా చేతిలోంచి పోయింది. దాన్ని మళ్ళీ చూడలేదు. వెనకవీధి పాకల్లో వాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని ఇక్కడికి వచ్చేశారు, ఇది శ్లాబు బిల్డింగు కదా. ఇదిగో ఇదే హాల్లో, మీరు కూర్చున్నచోటే, అరవై మందికి పైన ఉన్నాం. మా వాచ్‌మన్ తాత కూడా గది వదిలేసి ఇక్కడికే వచ్చి, ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఏడున్నర ప్రాంతంలో బ్యాటరీ అయిపోయింది. లోపలి ఫోన్లన్నీ చచ్చిపోయాయి. నా ఫోను మోగింది! ఎక్స్ఛేంజి నుంచి మనదాకా కేబులు భూమిలోంచి వచ్చింది, అందుకని ఊళ్ళో లైను ఇంకా బతికుంది. బయట ఊళ్ళకి తెగిపోయింది. ఆ రాత్రి లైను ఆగిపోయేదాకా పదకొండు ఫోన్లు వచ్చాయి. అలవాటు కొద్దీ అన్నీ రిజిస్టర్లో రాశాను. రిజిస్టరు రిటైరైనప్పుడు ఇంటికి తీసుకెళ్ళిపోయాను. దొంగతనమే, ఒప్పుకుంటున్నాను. ఇదిగో.

"7.40. రేకులు లేచిపోయాయి, చోటుందా. ఉంది రమ్మన్నాను. నలుగురు." "7.55. వాళ్ళే, వీధి చివర చెట్టు పడింది, ఎటు రావాలి." "8.10. మా ఆయన మీ గోడౌన్లో ఉన్నాడా." "8.25. టైము ఎంతయింది."

ఈ ఎనిమిదీ ఇరవై అయిదు ఫోను గురించి చెప్పాలి. ఎవరో పెద్దాయన. గడియారం కనపడటం లేదమ్మా, టైము ఎంత అన్నారు. చెప్పాను. పెట్టెయ్యలేదు. తెల్లారడానికి ఇంకా ఎన్ని గంటలు అన్నారు. చెప్పాను. ఇంట్లో ఒక్కరే ఉన్నారట. కొడుకు హైదరాబాదులో. మనిషి గొంతు కావాలి ఆయనకి, అంతే. పెట్టెయ్యండని నేనెలా అనగలను? మాట్లాడుతూ ఉన్నాను.

అప్పుడు రెండో ఫోను మోగింది. ఒక లైను ఖాళీ లేకపోతే వచ్చే కాలు రెండో లైనుకి పోయే ఏర్పాటు అది. మోగింది ఎక్కడ? వాచ్‌మన్ గదిలో. తాతకి చెవుడని ఆ గది బయట పెద్ద గంట పెట్టించాం, గాలి కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా వినిపించేది. మధ్యలో ఇంత వెడల్పు పెరడు. కొబ్బరిచెట్టు అడ్డంగా పడి ఉంది. రేకులు పేకముక్కల్లా తిరుగుతున్నాయి. తాత లేచాడు, ఆడవాళ్ళు నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. పెట్టె బతికుంటే ఒక మీట నొక్కి ఆ కాలు నా దగ్గరికి లాక్కునేదాన్ని. అది చచ్చి ఉంది. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఆగిపోయింది.

రిజిస్టర్లో చూడండి, పదకొండు కాక పన్నెండో వరస. "రెండో లైను. మోగింది. ఎవరో తెలియదు."

ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారండి. కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. తర్వాత నెలరోజులు, ఆఫీసుకి వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగాను, ఆ రాత్రి ఎనిమిదిన్నరకి మాకు ఫోను చేశారా అని. ఎవరూ నేనే అనలేదు. ఇక్కడున్న మీలో ఎవరైనా... సరే, వదిలేయండి.

ఇదంతా విని, ఈవిడ పాత పెట్టే ఉంచమంటుందని అనుకోకండి. ఆ రాత్రి ఈ కొత్త పెట్టె ప్రాణంతో ఉండి ఉంటే ఆ రెండో కాలు కూడా నా టేబుల్ మీదే మోగేది. నేను ఎత్తలేకపోయినా ఎవరు చేశారో నంబరు పడి ఉండేది. పొద్దున్నే తిరిగి చేసేదాన్ని. అందుకని నాకు ఇది కావాలి. మీ అందరికంటే ఎక్కువ నాకే కావాలి.

కాకపోతే దీనికి ప్రాణం ఎక్కడుందో తెలుసుకోవాలి. కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు బాబు రెండు గంటలు ఓపిగ్గా చెప్పాడు. మన గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుందట. ఆ అంకెల్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి తలోదారిన పంపుతుంది. ఆలస్యంగా చేరిన పొట్లాన్ని అవతలి యంత్రం పారేస్తుంది. పెళ్ళయ్యాక వచ్చిన బ్యాండుమేళంతో ఏం పని? మాట మధ్యలో కొరికేసినట్టు వినపడటం అందుకే. పాత తీగల్లాగా చిలుము పట్టి గుయ్యిమనదు, పక్కవాళ్ళ కాపురం మనకి వినపడదు. బాగుంది.

కానీ ఇందులో పెట్టె ఒకటి కాదు, నాలుగు. ఫైబర్ వచ్చి చేరే తెల్లపెట్టె ఒకటి, రౌటరు ఒకటి, ఫోన్లకి కరెంటు పంపే స్విచ్చి ఒకటి, అసలు ఎక్స్ఛేంజి ఒకటి. నాలుగూ బతికుంటేనే ఫోను. గాజు తీగలో వెలుగు వస్తుంది గానీ కరెంటు రాదు. ఊరి ఎక్స్ఛేంజి బ్యాటరీ గది మనల్ని ఇక మొయ్యదు, మన బరువు మనదే.

ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికే వచ్చాను. పెద్ద యూపీఎస్ కొన్నారు, రెండు గంటలు వస్తుందన్నారు. మంచిదే. నేను ఒక్కో తీగా వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్ళాను. మూడు పెట్టెలు యూపీఎస్‌లో ఉన్నాయి. తెల్లపెట్టె కిటికీ పక్కన మామూలు ప్లగ్గులో ఉంది! కరెంటు పోయిన క్షణంలో మూడు పెట్టెలు చక్కగా దీపాలు వెలిగించుకుని కూర్చుంటాయి, ఫోను మాత్రం రాదు. ఇంజినీరు బాబు నాలిక్కరుచుకుని వెంటనే మార్చాడు. అతన్ని ఏమీ అనకండి, మంచి కుర్రాడు. తప్పు చూపిస్తే కోపం రానివాడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు.

ప్రెసిడెంటు గారూ, మీరు వాచీ చూసుకోవడం నాకు కనపడుతోంది. మూడంటే మూడు మాటలు.

ఈ పెట్టెలన్నీ మెట్ల కింద పెట్టారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల గోదావరి వరద వచ్చినప్పుడు ఇదే మెట్ల కింద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. అప్పటిది కార్డు బోర్డు కాబట్టి విప్పి ఎండలో ఆరబెట్టాం, పనిచేసింది. దీన్ని అలా ఆరబెట్టలేం. మేడమీద పెట్టించండి. ఎర్తింగు కొత్తది వేయించండి, పిడుగులకి మన కొబ్బరిచెట్లంటే ఎంత ప్రేమో మీకు తెలుసు.

పాత రాగి లైను ఒక్కటి సరెండర్ చెయ్యకండి. ఇచ్చినంత కాలం ఉంచండి. నెలకి వచ్చే బిల్లు ఎక్కువనిపిస్తే నా పెన్షన్‌లో కోసుకోండి. ఎక్కువేం రాదులెండి పెన్షను.

ఇక తొమ్మిది సంగతి. బయటివాళ్ళు ఫోను చేస్తే ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ, ఆఖర్న తెలుగు వస్తోంది. మనకి ఫోను చేసేది ముమ్మిడివరం రైతు, రాజోలు రైతు. వాళ్ళలో ఎంతమంది తెలుగు వచ్చేదాకా ఆగుతారు? తెలుగు ముందు పెట్టండి. ఆ తెలుగులో "ఆపరేటర్ కోసం తొమ్మిది నొక్కండి" అని వస్తోంది. సంతోషం. నిన్న మా ఇంటి నుంచి చేసి తొమ్మిది నొక్కాను. చాలాసేపు పాట వచ్చింది, తర్వాత ఎవరూ లేరని చెప్పి పెట్టేసింది. అది ఏ టేబుల్ మీద మోగిందని అడిగితే నా పాత టేబుల్ మీదట. నేను రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవర్నీ తీసుకోలేదు. దాని మీద కేలెండర్లు పెట్టుకున్నారు.

తొమ్మిదో నంబరుకి ఒక మనిషి పేరు రాయండి. ఆవిడ సెలవు పెడితే ఇంకొకరి పేరు. తుఫాను హెచ్చరిక ఉన్న రాత్రి ఎవరి సెల్లుకి పోవాలో ఆ పేరు కూడా. ఈ పెట్టె అవన్నీ చెయ్యగలదు, బాబు నాకు చూపించాడు. పేర్లు మాత్రం మనమే రాయాలి. సభ అయ్యాక అంటారేమో, ఇప్పుడే రాయండి. కాగితం నా దగ్గరుంది, అందులో మీ పద్నాలుగు పేర్ల వెనక బోలెడు ఖాళీ ఉంది. "చూద్దాం" అని మాత్రం రాయకండి.

గంట కొట్టారా? వినపడింది. ఒక్క నిమిషం.

రిబ్బన్ కత్తిరించే ముందు ఒక పని చేద్దాం. తమ్ముడూ, వరండాలో మెయిన్ ఉంది, అది దింపేయి. మైకు పోతుంది, పోనీ, నా గొంతు చాలు. ఇన్‌వార్డు అమ్మాయీ, నువ్వెళ్ళి నా కుర్చీలో కూర్చో, కేలెండర్లు పక్కన పెట్టు. నేను నా సెల్లు నుంచి ఆఫీసు నంబరు కొడుతున్నాను.

అందరూ కాస్త మాట్లాడకుండా ఉండండి. మోగుతుందేమో విందాం.