ఎన్నిక చెల్లదని తీర్పు వచ్చాక ఆ సీటు ఎవరిది?

(తెర మీద: కొత్తగూడెం, 2018–2023)

నమస్కారం. 2018 డిసెంబరులో కొత్తగూడెం నుంచి గెలిచిన వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదని, అఫిడవిట్‌లో వివరాలు సరిగా చూపలేదని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో తీర్పు చెప్పి, రెండో స్థానంలో ఉన్న జలగం వెంకట్రావును ఎమ్మెల్యేగా ప్రకటించింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. నవంబరు 30న మళ్ళీ పోలింగ్ జరిగింది. ఆ సీటు ఎవరిదో అంతిమంగా తేలకముందే సభ గడువు తీరిపోయింది.

ఫలితాన్ని సవాలు చేయడానికి రాజ్యాంగంలోని 329(బి) అధికరణం ఎన్నికల పిటిషన్ అనే ఒక్క దారినే ఉంచింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పోటీ చేసిన అభ్యర్థి గానీ, ఆ నియోజకవర్గ ఓటరు గానీ 45 రోజుల్లోపు హైకోర్టులో దాన్ని దాఖలు చేయాలి. గడువు దాటితే ఎంత బలమైన కారణం చెప్పినా ఆలస్యాన్ని మన్నించే వీలు లేదు. ఎందరు ప్రతివాదులుంటే అన్ని నకళ్ళు జతచేసి, ప్రతి నకలు మీదా అది నిజమైన ప్రతి అని పిటిషనరే స్వయంగా సంతకం చేయాలి.

నిరూపణ భారం కూడా పిటిషనరుదే. గెలిచిన అభ్యర్థి స్వయంగా లంచం వంటి అవినీతి చర్యకు పాల్పడినట్లు రుజువైతే అదొక్కటే చాలు. చెల్లని ఓట్లను లెక్కించారనో, ఒక నామినేషన్‌ను తప్పుగా ఆమోదించారనో అంటే మాత్రం, ఆ పొరపాటు వల్ల గెలుపోటములే తారుమారయ్యాయని చూపించాలి. చాలా పిటిషన్లకు అసలు కష్టం ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే రహస్య బ్యాలెట్‌లో ఎవరి ఓటు ఎటు పోయేదో చెప్పడం దాదాపు అసాధ్యం.

(తెర మీద: 116ఎ సెక్షన్)

హైకోర్టు తీర్పుపై 30 రోజుల్లోపు సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అది హక్కుగా దక్కిన అప్పీలు. చట్టపరమైన అంశాలనే కాక సాక్ష్యాలను కూడా అక్కడ మళ్ళీ పరిశీలించమని కోరవచ్చు. స్టేకు షరతులు కూడా ఉండవచ్చు. అలహాబాద్ హైకోర్టు 1975 జూన్ 12న ఇందిరాగాంధీ రాయ్‌బరేలీ ఎన్నికను రద్దు చేసినప్పుడు, ఆమె ప్రధానిగా కొనసాగవచ్చు గానీ ఎంపీగా లోక్‌సభలో ఓటు వేయరాదని జూన్ 24న జస్టిస్ కృష్ణయ్యర్ ఆదేశించారు.

హైకోర్టు ఆరు నెలల్లో, సుప్రీంకోర్టు మూడు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. 'ప్రయత్నించాలి' అన్న ఆ ఒక్క మాటే ఏళ్ళ తరబడి జాప్యానికి చోటిచ్చింది. ఇది ఓడిన అభ్యర్థికే కాదు, సభలో తమ తరఫున కూర్చున్నది ఎవరో తెలియని ఓటర్లకు కూడా జరిగిన అన్యాయం.

సభ గడువు తీరితే అప్పీలు సాధారణంగా నిరర్థకమైపోతుంది. అవినీతి చర్య ఆరోపణ ఉన్న కేసు మాత్రం అప్పుడూ నిలుస్తుంది, ఎందుకంటే అది రుజువైతే ఆ వ్యక్తిపై ఆరేళ్ళ దాకా అనర్హత వేటు పడవచ్చు.