చివర్లో ఆయన ఎందుకు నవ్వలేదంటే: పార్కిన్సన్స్‌తో బతికి వెళ్లిపోయినవాళ్ల జ్ఞాపకాలు

[తెర మీద: పెద్దకర్మ కార్డు నమూనా. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ గడి.]

పెద్దకర్మ కార్డుకి ఫోటో పంపమని ప్రెస్ వాళ్లు ఫోన్ చేస్తారు. పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో అక్కడే చిన్న గొడవ మొదలవుతుంది. ఈ మధ్య తీసిన ఫోటోలన్నిటిలోనూ ముఖం ఒకేలా ఉంటుంది. రెప్ప పడని చూపు, కొంచెం తెరుచుకున్న నోరు. "ఇది నాన్నలా లేదు" అంటుంది కూతురు. "చివరి అయిదేళ్లూ ఇలాగే ఉన్నారు కదే" అంటాడు కొడుకు. ఎవరి మాటనీ తీసిపారేయలేం.

నమస్కారం. పార్కిన్సన్స్‌ని ఎలా గుర్తుపట్టాలి, ఏ మందులు వాడాలి అని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఇది ఆ వీడియో కాదు. ఆ జబ్బుతో బతికి వెళ్లిపోయిన మనిషిని మనం ఎలా గుర్తుపెట్టుకుంటున్నామన్నది ఇవాళ్టి విషయం. ముఖం, గొంతు, నడక, చేతిరాత... మనిషిని మనం వేటితో పోల్చుకుంటామో, ఈ జబ్బు వాటినే ఒక్కొక్కటిగా లాక్కుపోతుంది. మిగిలిన రూపాన్ని చూసి, మనిషి గుణమే మారిపోయిందని మనం తీర్మానించేస్తాం. "చివర్లో బాగా మొండికేశారు." "మనవణ్ణి చూసి కూడా నవ్వలేదు." తద్దినం నాడు కూడా ఇవే మాటలు. వీటిలో చాలావాటికి మెదడులో వేరే కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే జ్ఞాపకమే మారుతుంది.

[తెర మీద: మెదడు బొమ్మ, మధ్యలో రెండు పక్కలా నల్లటి సన్నని పట్టీలు.]

మెదడు నడిభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అని నల్లగా కనిపించే చిన్న భాగం ఉంటుంది. డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు అక్కడ ఉంటాయి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు చచ్చిపోతూ వస్తాయి. చెయ్యి వణకడం మన కంటపడేసరికే వాటిలో చాలా భాగం పోయి ఉంటుంది.

డోపమైన్ తగ్గినప్పుడు ముందుగా దెబ్బతినేవి మనం ఆలోచించకుండా చేసే పనులు. నడుస్తుంటే చేతులు ఊగడం, రెప్ప వేయడం, నోట్లో ఊరిన లాలాజలం మింగడం. చొంగ కారేది లాలాజలం ఎక్కువై కాదు, గుటక వేయడం తగ్గిపోయి. అలాగే ఎవరైనా గుమ్మంలోకి రాగానే ముఖం వికసించడం కూడా మనం పూనుకుని చేసే పని కాదు. "నాన్నా, ఒకసారి నవ్వండి" అంటే ఆయన ప్రయత్నించి నవ్వగలరు. దానంతట అది వచ్చే నవ్వే రాదు. డాక్టర్లు దీన్ని ముసుగు ముఖం అంటారు. లోపల సంతోషం ఉంటుంది, బుగ్గలకి ఆ కబురు అందదు. మనవడి అన్నప్రాసన ఫోటోలో తాతయ్య ముఖం చూసి ఇన్నేళ్లుగా బాధపడుతున్నవాళ్లు ఉంటే, ఈ ఒక్క ముక్క వాళ్లకి చేరాలనే ఈ వీడియో చేస్తున్నాను.

గొంతుదీ అదే కథ. మాట సన్నగిల్లిపోతుంది. చిక్కేమిటంటే, తాను గట్టిగానే మాట్లాడుతున్నానని ఆ మనిషి నిజంగానే అనుకుంటాడు, ఎందుకంటే తన గొంతు తనకి మామూలుగానే వినిపిస్తుంది. మనం "ఆఁ? ఏంటి?" అని పదే పదే అడిగితే చిరాకు పడతాడు. కొన్నాళ్లకి మాట్లాడడమే మానేస్తాడు. అప్పుడు ఇంట్లోవాళ్లు "అలిగారు" అనుకుంటారు.

[తెర మీద: పాత గోడ క్యాలెండర్లు. తేదీల గళ్లలో పెన్నుతో పాల లెక్కలు.]

చేతిరాత గురించి చెప్పడానికి మా ఇంటి వస్తువే చూపిస్తాను. మా పెద్దనాన్న గుంటూరు జిల్లాలో ఒక సహకార సంఘంలో గుమాస్తాగా చేశారు. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, కరెంటు బిల్లు, అన్నీ గోడ మీద వెంకట్రామా క్యాలెండర్‌లోనే రాసేవారు. పాత క్యాలెండర్లని పెద్దమ్మ చుట్టలుగా చుట్టి అటక మీద దాచింది. వరసగా పరిచి చూస్తే, మొదటివాటిలో అంకె గడి నిండా ఉంటుంది. ఏడాదికేడాది కుంచించుకుపోతూ, చివరివాటిలో చీమల బారులా ఒక మూలకి చేరుతుంది. వణుకు పెద్దగా లేని రోజుల్లోనే అక్షరం చిన్నదవుతూ వచ్చింది. నరాల డాక్టర్ దగ్గరకి వెళ్తే ఒక వాక్యం రాయమంటారు, సున్నాలు సుడిగా చుట్టమంటారు. వాళ్లు చూసేది దీన్నే. రాస్తున్నకొద్దీ అక్షరం చిన్నదైపోతుంది. గీతల కాగితం ఇచ్చి "గీత తగిలేలా రాయండి" అంటే చాలామందికి మళ్లీ కాస్త పెద్దదవుతుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటిదేదో ఉంటుంది. చిట్టీ పుస్తకం, వంట సరుకుల జాబితా, పెళ్లి కట్నాల పద్దు. పారేయకండి. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పటి రాతా, తర్వాతి రాతా రెండూ ఆయనవే.

రెండూ అని ఎందుకంటున్నానంటే, మన దగ్గర ఇంకో ధోరణి ఉంది. జబ్బు ఏళ్లని కత్తిరించేసి, "ఆయన్ని అలా చూడలేం" అని పడుచు వయసు ఫోటోకే దండ వేయడం. బాక్సర్ మహమ్మద్ అలీని తీసుకోండి. ప్రత్యర్థుల్ని మాటలతోనే సగం ఓడించిన మనిషి. ఆయనకి పార్కిన్సన్స్ ఉందని 1984లో తేలింది. 2016 జూన్‌లో, 74 ఏళ్ల వయసులో పోయారు. అంటే 32 ఏళ్లు జబ్బుతో ఉన్నారు. ఆ కాలాన్ని కత్తిరిస్తే ఏం పోతుందో చూడండి. 1990లో, గొంతు పెగలని స్థితిలో బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌తో మాట్లాడి 15 మంది అమెరికన్ బందీలని వెంటబెట్టుకొచ్చారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఒక చెయ్యి వణుకుతుండగా ఇంకో చేత్తో జ్యోతి వెలిగించారు. ఆ వణుకుని ఆయన దాచలేదు. మన ఇళ్లలో చుట్టాలు రాగానే చెయ్యి కండువా కిందకి పోతుంది చూశారూ, అది గుర్తొచ్చి చెబుతున్నాను.

[తెర మీద: ఇంటి గుమ్మం, గడప. కింద నేల మీద అడ్డంగా అంటించిన రంగు టేపు.]

ఇప్పుడు మొండితనం సంగతి. హాల్లో బాగానే నడిచొచ్చి గడప దగ్గర ఆగిపోవడం. పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఉంటాయి. ఇరుకు చోట్ల, మలుపుల దగ్గర, గుమ్మాల దగ్గర ఇది ఎక్కువ. వెనక నుంచి తొందరపెడితే ఇంకా బిగుసుకుపోతారు. అదే నేల మీద అడ్డంగా గీత కనిపిస్తే, దాన్ని దాటాలన్న ఆలోచనతో అడుగు పడుతుంది. తాళం వేస్తూ పాట పాడినా కొందరు కదులుతారు. "భజనకి అయితే నడుస్తుంది, బాత్రూంకి రమ్మంటే రాదు" అని అత్తగారి మీద నింద వేసిన కోడళ్లు ఉన్నారు. ఆవిడ చేసింది నాటకం కాదు.

చుట్టాలు వచ్చినప్పుడు లేచి నిలబడి, వాళ్లు వెళ్లగానే కూలబడిపోవడం కూడా ఇలాంటిదే. ఈ జబ్బుకి వాడే లెవోడోపా అనే మాత్ర వేసుకున్నాక కొన్ని గంటలు మనిషి బాగుంటాడు. దాని ప్రభావం దిగిపోగానే కుర్చీలోంచి లేవలేడు. జబ్బు ముదిరేకొద్దీ ఆ మంచి గంటలు తగ్గిపోతాయి. దీనికితోడు మాంసకృత్తులు ఎక్కువున్న భోజనం, అంటే పప్పో గుడ్డో మాంసమో, మాత్రతో పాటు పడితే కొందరిలో మందు సరిగ్గా ఎక్కదు, ఎందుకంటే రెండూ ఒకే దారిలో లోపలికి వెళ్లాలి. ముద్దపప్పు తిన్న మధ్యాహ్నం పెద్దాయన మంచం దిగకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇంకొకటి ఉంది. దీని గురించి ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడతారు. జీవితంలో పేక ముట్టని మనిషి అరవయ్యో ఏట జూదానికి దిగడం, ఉన్నట్టుండి విచ్చలవిడిగా కొనడం, తిండి మీదో శృంగారం మీదో అదుపు తప్పడం. పార్కిన్సన్స్‌కి వాడే కొన్ని మందుల వల్ల, ముఖ్యంగా ప్రామిపెక్సోల్ లాంటివాటి వల్ల, కొంతమందిలో ఇది వస్తుంది. డాక్టర్లకి బాగా తెలిసిన దుష్ఫలితం. మోతాదు మారిస్తే చాలామందిలో తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకి ఎవరూ చెప్పకపోతే మాత్రం ఆ మనిషి "చివర్లో పరువు తీసినవాడు"గా మిగిలిపోతాడు. మీ ఇంట్లో అలాంటి కథ ఉంటే, ఆ రోజుల ప్రిస్క్రిప్షన్ ఒకసారి తీసి చూడండి. మందులు వాడుతున్నవాళ్లు ఉంటే మాత్రం వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. హఠాత్తుగా ఆపడం ప్రమాదం.

గదిలో పిల్లలు ఆడుకుంటున్నారనీ, చనిపోయిన అక్క వచ్చి కూర్చుందనీ చెప్పడం కూడా అంతే. జబ్బు వల్లా, మందుల వల్లా రెండిటివల్లా అలాంటివి కనిపించవచ్చు. పెద్దలు పిలుస్తున్నారని మనవాళ్లు దానికి ఇంకో కథ అల్లుతారు.

[తెర మీద: స్కాట్లండ్ పటం, పెర్త్ పట్టణం.]

వెనక్కి తిరిగి చూస్తే కొత్తగా అర్థమయ్యేవీ ఉంటాయి. పెర్త్ పట్టణంలో జాయ్ మిల్న్ అనే నర్సు ఉన్నారు. ఆమె భర్త లెస్ డాక్టర్. ఆయనకి ముప్పై ఏళ్లు దాటిన కొత్తలో ఒంటి వాసన మారిందని ఆమెకి అనిపించింది. సరిగ్గా స్నానం చేయడం లేదని పోరేది, ఇద్దరికీ దాని మీద మాట పట్టింపులు. 45 ఏళ్లకి ఆయనకి పార్కిన్సన్స్ అని తేలింది. చాలా ఏళ్ల తర్వాత ఆ జబ్బు ఉన్నవాళ్ల సమావేశానికి వెళ్తే, గదిలో అందరి దగ్గరా అదే వాసన. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆమెకి 12 మంది వేసుకున్న టీ షర్టులు ఇచ్చి పరీక్షించారు. వాళ్లలో ఆరుగురికే జబ్బు ఉంది, ఆమె ఏడుగురిని చూపించింది. ఆ ఏడో మనిషికి కొన్ని నెలల తర్వాత పార్కిన్సన్స్ బయటపడింది. లెస్ 2015లో పోయారు. ఈ పరిశోధన ఆపొద్దని పోయేముందు భార్య దగ్గర మాట తీసుకున్నారు. చర్మపు జిడ్డుని బట్టి జబ్బుని ముందే పసిగట్టే పరీక్ష కోసం మాంచెస్టర్‌లో ఇంకా పని జరుగుతోంది.

మనకి ఆమె ముక్కు లేకపోయినా, గుర్తుకొచ్చే సంగతులు ఉంటాయి. పోపు మాడిపోయినా అమ్మకి వాసన తెలియకపోవడం. ఎన్నో ఏళ్ల మలబద్ధకం. నిద్రలో అరవడం, పక్కలో ఉన్నవాళ్లని తన్నడం. ఇవి వణుకు కంటే ఎన్నో ఏళ్ల ముందే మొదలుకావచ్చు.

ఇక మీరు చేయగలిగిన పని. మనిషి పోయి ఉంటే, పాత ఫోన్లలో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వెతకండి. పెళ్లి క్యాసెట్లలో వెనకాల ఆయన కేకలేసిన గొంతు దొరుకుతుంది, దాన్ని డిజిటల్‌లోకి మార్పించండి. ఆయనతో పనిచేసినవాళ్లని కలవండి. ఆయన ఉద్యోగం ఏం చేశారో వివరంగా రాయండి. 1817లో లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడు ఆరుగురి సంగతి చెప్పాడు. ఎవరి పేరూ లేదు. కానీ ఒకరు తోటపని చేసేవాడు, ఒకరు నావికుడు, కొందరిని ఆయన వీధిలో చూశాడు. రెండు వందల ఏళ్లు దాటినా వాళ్లు మనకి ఆ పనులతోనే తెలుసు. అన్నట్టు పార్కిన్సన్ ఫోటో అంటూ నెట్‌లో తిరిగే గడ్డపాయన ఆయన కాదు. ఫోటోలు రాకముందే, 1824లో ఆయన పోయాడు. ఆయనదని ఖాయంగా చెప్పగల చిత్రపటం ఒక్కటీ లేదు. ఏటా ఏప్రిల్ 11న, ఆయన పుట్టినరోజునే పార్కిన్సన్స్ దినం జరుపుతారు.

మనిషి ఇంకా ఉంటే, గొంతు ఇప్పుడే రికార్డు చేయండి. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చూసుకోండి. ఫ్యాన్, టీవీ ఆపండి, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టండి. ఒక్క ప్రశ్న అడిగి ఆగండి. జవాబు రావడానికి టైం పడుతుంది, మధ్యలో వాక్యం మీరు పూర్తి చేయకండి. చిన్నప్పటి ఊరు, మొదటి జీతం, పెళ్లిలో జరిగిన గొడవ... ఇలాంటివి అడిగితే మాట ఊరుతుంది.

సేవ చేసినవాళ్లకి ఒక మాట. విసుగొచ్చిన రోజులు, తిట్టిన రోజులు కూడా రాయండి. రాత్రి నాలుగుసార్లు పక్క తిప్పి పడుకోబెట్టిన మనిషికి విసుగు రాకపోతేనే వింత.

ఆఖరుగా ఫైలు. దినకర్మలు అయిపోగానే మందులతోపాటు ఫైలు కూడా బయట పడేసే ఇళ్లు చాలా ఉన్నాయి. చెయ్యకండి. ఈ జబ్బు ఎక్కువమందిలో వంశపారంపర్యంగా రాదు, అందుకని పిల్లలు టెన్షన్ పడక్కర్లేదు. కానీ యాభై ఏళ్లలోపే మొదలైతే, లేదా ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి ఉంటే, జన్యువుల పాత్ర ఉండే అవకాశం పెరుగుతుంది. రేపు మీ పిల్లల్లో ఎవరైనా నరాల డాక్టర్ దగ్గరకి వెళ్తే అడిగేవి ఇవే: ఏ వయసులో మొదలైంది, ఏ చేత్తో మొదలైంది, వాసన ఎప్పుడు పోయింది, లెవోడోపాకి ఎలా స్పందించారు. ఫైలు అట్ట లోపలివైపు ఇవన్నీ పెన్నుతో రాసి, ఇంట్లో ఇంకో ఇద్దరికి ఫోటో తీసి పంపండి.